ముప్పయ్యో తారీఖు లోగా

బ్యాంకు ఉత్తరం వచ్చి పన్నెండు రోజులు.
టోస్టర్ వెనక నిలబెట్టాను దాన్ని,
చూడకపోతే అదే చల్లబడుతుందని.

మర్యాదగానే రాశారు, మర్డో.
నవంబరు ముప్పయ్యితో మన పాత వడ్డీకి చెల్లు.
నెలకి ఆరువందల పదకొండు పౌన్లు,
ఐదేళ్ళలో నాలుకకి అంటుకుపోయిన అంకె,
కర్స్టీ పుట్టినరోజు కంటే త్వరగా తట్టే అంకె.

ఇవాళ టల్లోక్ గారి దగ్గరికి వెళ్ళాను.
చేపలకి పొగబెట్టే సందు చివర, మేడ మీద ఆఫీసు.
ఆయన కోటుకి కూడా ఆ పొగ వాసనే.
"మీకు నప్పేవి నలభై మూడున్నాయి" అన్నాడు
ఊలు కొట్టువాడు రంగులు పరిచినట్టు.
రెండేళ్ళ స్థిరం, మూడేళ్ళ స్థిరం, ఐదేళ్ళది, పదేళ్ళది,
లండన్లో పెద్ద బ్యాంకు తుమ్మితే తనూ తుమ్మే ట్రాకర్ ఒకటి.
ఫీజు కడితే వడ్డీ కాస్త తక్కువ,
కట్టకపోతే కాస్త ఎక్కువ,
ఫీజుని అప్పులోనే కలిపేసుకుంటే
ఆ ఫీజుకి పంతొమ్మిదేళ్ళు వడ్డీ.
ఎటు తిప్పినా మన జేబే.
మీరైతే ఏది తీసుకుంటారని అడిగాను.
కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.
"నేనుండేది అద్దె ఇంట్లోనమ్మా."

పనిలో అందరూ జోస్యులే.
లాండ్రీ గది ఎల్స్‌పెత్ పదేళ్ళకి కట్టేసుకుని
హాయిగా నిద్రపోతోందట.
వ్యాను తోలే గావిన్ ట్రాకర్ తీసుకుని
వార్తలు చూడటం మానేశాడు.
తొంభై ఒక్కేళ్ళ మిసెస్ లాంబీ మాత్రం
నేను దుప్పటి సర్దుతుంటే అంది:
"మా ఇంటి అప్పు తీరిన రాత్రి
ఏం మాట్లాడుకోవాలో తోచలేదు మా ఇద్దరికీ."

ఇప్పుడు ఆర్బ్రోత్ రేవు మీంచి పొగమంచు
మన వీధిలోకి వచ్చి కూర్చుంది.
దీపస్తంభం ఉన్నచోట ఓ పచ్చటి మరక.
కాయితాలు బల్ల మీద పరిచాను, బరువుకి
ఉప్పుడబ్బా, కర్స్టీ కంపాసు పెట్టె, నీ కొలత టేపు.
నలభై మూడుని పదకొండు చేశాను,
పదకొండుని ఆరు,
ఆరుని చూస్తూ ఉంటే మళ్ళీ పదకొండయ్యాయి.
పిల్లి వచ్చి ట్రాకర్ మీద పడుకుంది.
శకునం అనుకుందామంటే
మొన్న కరెంటు బిల్లు మీదా అలాగే పడుకుంది.

ఇల్లు కుదువపెట్టామంటాం గానీ
ఈ కాయితాలడిగేది ఇంటి సంగతి కాదు.
రెండేళ్ళది అడుగుతుంది: మంచిరోజులొస్తాయని నమ్మకమా?
ఐదేళ్ళది: ఇక్కడే ఉంటారా, ఇద్దరూ?
మధ్యలో తెంచుకుంటే జరిమానా.
చీమతలకాయంత అక్షరాల్లో ఉందా మాట,
నాకదే పెద్దగా కనబడింది.
పోయిన వసంతంలో మాంట్రోజ్‌లో మీ అన్న సోఫా మీద
నలభై రాత్రులు పడుకున్నావు నువ్వు.
దానికి ఏ బ్యాంకూ ఫీజు వెయ్యలేదు.

ఎనిమిదింటికి ఓడ మీంచి నీ ఫోను,
సగం గాలి, సగం నువ్వు.
చదివి వినిపించాను:
రెండేళ్ళకైతే ఎనిమిది వందల పదిహేను,
ఐదేళ్ళకైతే ఏడువందల ఎనభై తొమ్మిది.
"రెండేళ్ళే తీసుకో. దిగుతాయంటున్నారు వడ్డీలు."
తప్పు లెక్కేం కాదు.
నేనే ఆ రెండేళ్ళే దగ్గర ఆగిపోయాను.

కాసేపు టర్బైన్ల ఈల.
"వంటింటి పైన ఆ మూల ఇంకా కారుతోందా?"
కారుతోందన్నాను.
"గిన్నె పెట్టు ఈసారికి. పలకలు చూసి ఉంచాను.
ఏప్రిల్లో మొత్తం విప్పి వేస్తా, అతుకులు వద్దు.
వేస్తే మన తర్వాత కూడా..."
లైను తెగింది.

ఇది జవాబో కాదో ఏ పట్టికలోనూ లేదు.
గిన్నెలో చుక్క పడుతోంది, ఆగి, మళ్ళీ.

పొద్దున్నే టల్లోక్ గారికి ఫోన్ చేశాను.
ఐదేళ్ళది, ఫీజు లేనిది.
అటువైపు కీబోర్డు చప్పుడు ఆగింది.
"ఖాయమేనా?"
వడ్డీ వరకూ ఖాయమే అన్నాను.