నీడల సుంకం

మహబూలాలో తొమ్మిదో అంతస్తు.
అమ్మగారికి ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ,
సంహితని నిద్రపుచ్చేది నా డ్యూటీ.
నిజానికి నన్ను నిద్రపోనీకుండా చేసేది ఆ పిల్లే.

ఒళ్లో ఇటికంత పుస్తకం.
ఇంగ్లీషులో కళ్లతో చదువుతాది,
తెలుగులో నోటితో చెప్తాది,
మధ్యలో దొరకని మాటలకి చేతులు తిప్పుతాది.

ఒక వంతెన ఉందంట. దాని కింద ఒక సుంకరి రాక్షసుడు.
అవతలికి పోవాలంటే డబ్బులు అక్కర్లేదు,
నీడ ఇచ్చి పోవాల.
"తిరిగొచ్చేటప్పుడు తీసుకుందువులే" అంటాడంట,
నవ్వుతానే, మర్యాదగానే.
కత్తిరించి, మడతపెట్టి, ఇనప్పెట్టెలో దాస్తాడు.
నీడ లేనోళ్లు అవతలి ఊర్లో పని చేస్తానే ఉంటారు,
ఎవరికీ ఆనరు.

నేను కాళ్లు ముడుచుకున్నా.
విమానాశ్రయంలో సారు చెయ్యి చాపి
"నా దగ్గర భద్రంగా ఉంటుందిలే రెడ్డెమ్మా" అన్న పొద్దు
నా పాస్‌పోర్టుకు ఇంకా కొత్త అట్ట వాసన.
ఇప్పుడది బీరువాలో, రెండో అరలో,
రబ్బరుబ్యాండ్లు వేసిన ముప్పై ఎనిమిదింటిలో ఒకటి.
తాపీవాళ్లవి, మంగాఫ్‌లో పైపులేసే నేపాలీ పిల్లోళ్లవి.
దుమ్ము దులిపేది నేనే, లెక్క తెలుసు.
తాళంచెవి క్యాలెండరు మేకుకే ఉంటాది,
ఎవరు తీస్తారులే అని.
నిజమే. ఎవరు తీస్తారు?

ఆఖరి అధ్యాయం శుక్రవారం రాత్రి.
పెట్టెలో నీడలన్నీ ఒక్కటై
సుంకరి నీడని కాళ్లదాకా పీకేసినాయంట.
నీడ లేని వాడు మిట్టమధ్యాన్నం వంతెన నడుమ
మైనం మాదిరి కరిగి కారిపోయినాడంట.
సంహిత మంచమ్మీద ఎగిరింది:
"చేసుకున్నవాళ్లకి చేసుకున్నంత! మా నానమ్మ అంటుంది."

నాకెందుకో చప్పట్లు రాలేదు.
"సరే, వాడు కరిగినాడు. ఆ నీడలేమైనాయి?"
పేజీ తిప్పింది. తెల్లకాగితం. ఆపైన అట్ట.
"విడుదలైపోయాయి, అంతే."

"అంతే అంటే ఎట్ల పాపా?
ఎవురిది ఎవురికి ఇచ్చినారు? పేర్లు రాసున్నాయా?
పదేండ్లు మడతలో ఉన్న నీడ
మళ్లా మనిషికి సరిపోతాదా?
అమ్మ పోయిందని తెలిసి కూడా
నీడ లేక వంతెన దాటలేకపోయినామెకి
ఆ మూడు దినాలు ఎవరు తెచ్చిస్తారు?"

రాక్షసుణ్ణి కరిగించేదానికి
రాసినాయనకి నాలుగు పేజీలు దొరికినాయి.
బాకీ తీర్చేదానికి ఒక్కటి దొరకలేదు.

సంహిత చాలాసేపు మాట్లాడలేదు.
తర్వాత పెన్సిలు వెతుక్కుంది.
నాకు కునుకు పట్టేసింది.

శనివారం మధ్యాన్నం చేపల పులుసు వడ్డిస్తా ఉన్నా.
"నాన్నా, మన బీరువాలో నీడలెన్ని?"
సారు నవ్వినాడు.
తర్వాత నా పక్క చూసినాడు.
తర్వాత నోట్లోంచి ముల్లు తీసి పళ్లెం అంచున పెట్టినాడు.
కరగలేదు. ఏసీ చల్లగానే ఉంది.

ఆదివారం దుమ్ము దులపబోతే
మేకుకు క్యాలెండరు ఒక్కటే ఉంది.

మిద్దెపైన గుడ్డలు ఆరేస్తా కిందికి చూసినా.
ఎండ నడినెత్తిన, నీడ చెప్పులంత.
తొక్కకుండా నిలబడే వీలే లేదు.

పుస్తకం లైబ్రరీకి వాపసు పోయే పొద్దు తెరిచి చూసినా.
ఆ తెల్లకాగితం నిండా వరస, అగ్గిపుల్ల మనుషులు.
ఒక్కొక్కరి కాళ్ల దగ్గర నల్లగా రుద్దిన నీడ,
కొందరికి పొట్టి, ఒకాయనకి తిరగబడి.
వరస చివర చీపురు పట్టుకున్న ఆడమనిషి.
ఆమె కాళ్ల దగ్గర ఏమీ లేదు.
చెరిపి, మళ్లా రాసి, ఒత్తులు తప్పి:
"ఈమేది ఇంకా వేతుకుతునాం."

లైబ్రరీ పుస్తకాల్లో రాయకూడదంట.
రబ్బరు చేతికి తీసుకున్నా.
సంచిలో పడేసి జిప్పు లాగినా,
రబ్బరునీ, పుస్తకాన్నీ.