ముట్టినట్టు

ఫుట్‌స్క్రేలో, నికల్సన్ వీధి మలుపున
మా కొట్టు షట్టర్ ఇంకా సగమే ఎత్తాను.
కిందనుంచి వంగి వచ్చేసింది ఇఖ్లాస్,
రాత్రి డ్యూటీ ఫినాయిల్ వాసనతో.

"రెండొందల డాలర్లు.
ఈసారి మా అన్నకి కాదు, టవర్‌కి."

సూడాన్‌లో వాళ్ళ ఊరి టవర్ నిలబడే ఉందట,
తూటాలు తగిలిన చోట గోనెపట్టా కట్టుకుని.
గొంతెండి పడున్నది జనరేటరే.
వీధికింత అని చందా వేసుకున్నారు.
ఆ మాట చెప్పడానికి ఒకడు
గాడిదెక్కి సరిహద్దు దాకా పోయి ఫోన్ చేశాడు.

రసీదిచ్చాను. చదవలేదు, మడవనూ లేదు.

డబ్బు ముడితే డీజిల్.
డీజిల్ పోస్తే సిగ్నల్.
సిగ్నలొస్తేనే కదా
డబ్బు ముట్టిందని తెలిసేది!

నా కమిషన్ నాలుగు డాలర్లు
గల్లాలో పడ్డాయి, చప్పుడు చేస్తూ.

బయట చలిలో
ఫోను పైకెత్తి చూసుకుంటోంది.
ఇక్కడ గీతలన్నీ నిండుగానే ఉన్నాయి.