మునిగిన మంచుముక్క

మా టెలిమార్క్ లోయలో సెప్టెంబరు చివర్న వెళ్ళిన ఎండ
మార్చిలో గానీ మళ్ళీ కిందికి దిగదు.
కావాలంటే రోప్‌వే ఎక్కి కొండమీదికెళ్ళి
ఆదివారం పూట చూసి రావాలి, చుట్టాన్ని చూసొచ్చినట్టు.
మిగతా రోజులు నాకు
కార్ఖానా తూకంగది, ఒక బల్బు,
గాజుపెట్టెలో ఇత్తడి త్రాసు.

చదువు తక్కువ, చెయ్యి నిదానం.
అందుకే ఆ పని ఇచ్చారు.
నీళ్ళలోకి కరెంటు పంపి
గాలిగా లేచిందంతా ఎరువుకు తోలేశాక
అడుగున మొండికేసి మిగిలిన కాసిని నీళ్ళు
సీసాల్లో నా బల్లమీదికి వచ్చేవి.
చూపుకు నీళ్ళే. వాసనకూ నీళ్ళే.
త్రాసే ఒప్పుకునేది కాదు.

ఓస్లో నుంచి కొత్తగా వచ్చిన టూరున్
ఓ మధ్యాహ్నం ఆ నీళ్ళను గడ్డకట్టించి
నేను తాగే గ్లాసులో ఒక ముక్క పడేసింది.
మంచు తేలుతుంది. బుద్ధెరిగినప్పట్నుంచి అదే చూశాను.
ఇది తిన్నగా పోయి
అడుగున కూర్చుంది, అలిగిన పిల్లలా.

"లోపల ఒకటి ఎక్కువుంది," అంది టూరున్.
"పరమాణువు ఈ కార్ఖానా అంతనుకో,
నడిమధ్యన ఒక ఆవగింజ. బరువంతా అందులోనే.
చుట్టూ తిరిగే ఎలక్ట్రాన్‌ది ఊరికే హడావుడి,
పొత్తులూ పేచీలూ దానివి.
గింజలో ప్రోటాన్ పక్కన, ఈ నీళ్ళల్లో మాత్రం,
ఇంకోటి చేరింది.
ఎవరి తగువుకూ పోదు, ఎవరివైపూ కాదు.
ఉట్టి బరువు."

"మా హాల్వోర్," అన్నాను.
ఇద్దరం పడీ పడీ నవ్వాం.

వెళ్తూ వెళ్తూ తలుపు దగ్గర ఇంకోమాట అంది.
ఆ రెంటినీ విడివిడిగా తూచి కూడితే
కలిసున్నప్పటికన్నా ఎక్కువొస్తుందట.
నా త్రాసును అనుమానించాను.
త్రాసు తప్పు కాదట.
కలిసేటప్పుడు కాస్త బరువు వెలుగుగా వదిలేస్తాయట.
విడదీయాలంటే
ఆ బాకీ మొత్తం కట్టాలట.

హాల్వోర్ ఓ ఫిబ్రవరిలో పోయాడు,
ఎండ రావడానికి మూడు వారాల ముందు.
నేను నాలుగు కిలోలు తగ్గానని
డాక్టరు పుస్తకంలో రాసుకున్నాడు.
ముప్పై ఏళ్ళు తూకం పట్టినదాన్ని,
ఆయన త్రాసును నమ్మలేదు.

తరవాతెప్పుడో టూరున్ ఉత్తరం రాసింది.
ఆ ఆవగింజలోనూ చిన్నవి ఉన్నాయట, మూడేసి.
వాటి సొంత బరువంతా కలిపినా
నూటికి ఒక వంతేనట.
మిగిలిందంతా లోపలి పరుగూ,
ఆ పరుగును బయటికి పోనివ్వని పట్టూనట.
రెండుసార్లు చదివి పిండిడబ్బా కింద పెట్టాను.

నలభై ఏళ్ళు
పొయ్యి పక్క కుర్చీలో కదలకుండా కూర్చున్నాడు ఆయన,
బూట్ల తాళ్ళు విప్పుకుంటూ.
లోపల ఎంత పరుగుండేదో
నేను ఒక్కనాడూ అడగలేదు.

ఈ పొద్దున గ్లాసులో మంచుముక్క వేశాను.
మామూలుదే. తేలింది.
వేలితో అడుగుదాకా నొక్కి పట్టాను.
వదిలితే పైకొచ్చింది.
మళ్ళీ నొక్కాను.