ఏటవాలు ఎండ

పని పదిన్నరకి, కోఠీలో ప్రెస్సులో.
కర్నూలు బస్సు నన్ను దించేది మాత్రం అయిదుంపావుకి.
మధ్యలో మిగిలే ఆ అయిదు గంటల లెక్క
ఇంట్లో చెప్పను, ప్రెస్సులోనూ చెప్పను.
నిలబడే ఒక ఇరానీ చాయ్ తాగి
నారాయణగూడ వైపు, పాత సమాధుల తోటకి నడుస్తాను.
సంచిలో కెమెరా, నీళ్ళ సీసా, పసిపిల్లల తల దువ్వే మెత్తటి బ్రష్షు.

గేటు దగ్గర ఆశీర్వాదం, నోట్లో వేపపుల్ల.
"మల్లొచ్చినవా సారూ,
బతికున్నోళ్ళు ఎవ్వరు లేరా నీకు ఈ ఊర్ల?"

ఉన్నారు. ఉప్పల్లో మేనత్త కొడుకున్నాడు.
వెళ్తే కూర్చోబెట్టి ప్లాట్ల ధరలు చెప్తాడు.
"ఇక్కడైతే ఎవరి ప్లాటు వాళ్ళకి
ఎప్పుడో రిజిస్టరైపోయింది కదయ్యా" అన్నాను ఒకసారి.
ఆశీర్వాదం నవ్వలేదు. పుల్ల ఉమ్మేసి తాళం తీశాడు.

ప్రూఫులు దిద్దే బతుకు నాది.
రాయి మీద కూడా ముందు తప్పులే కనబడతాయి.
ఎవరో దొర పేరులో ఒక అక్షరం ఎక్కువ పడింది.
చెక్కినవాడు, చెరపడం కుదరక,
దాని మీదే చిన్న పువ్వు చెక్కాడు.
ముప్ఫయ్యేళ్ళ నా ఎర్ర సిరాకి
ఇంత మర్యాద ఎప్పుడూ చేతకాలేదు.

నడినెత్తి ఎండలో పాత రాళ్ళు ఏమీ చెప్పవు,
అంతా నున్నటి బండ.
పొద్దు ప్రహరీ దాటి అప్పుడే తొంగి చూస్తున్నప్పుడు
పక్కనుంచి తగిలే వెలుతురులోనే
గీతలో గీతంత నీడ నిలుస్తుంది,
అరిగిన పేరుకి అంచులొస్తాయి.
నలభై నిమిషాలు. అంతే.

ఆ తర్వాత ఆశీర్వాదం అద్దం.
తుక్కు స్కూటర్ నుంచి ఊడదీసిన అద్దం.
దూరంగా నిలబడి, ఎండని అందులో పట్టి
మడికి నీళ్ళు మళ్ళించినట్టు
రాయి మీదికి వాలుగా వదుల్తాడు.
ఎవరు నేర్పారంటే,
"ఒక తెల్లామె. తాత గోరీ దేవులాడుకుంట వచ్చింది.
దొరకలే. అద్దం పట్టుడు మాత్రం నేర్పిపోయింది."

"కొంచెం ఎడమకి."
"ఇంకొంచెం."
కలరా అన్న మాట పైకి తేలింది.
దాని కింద మూడు పేర్లు, అన్నీ ఒకటే వారం.
మూడోది పేరు కూడా కాదు, శిశువు అని.
క్లిక్కుమంది.
ఆ తర్వాత కూడా కాసేపు కెమెరా కంటి ముందునుంచి దించలేదు.

వెళ్ళబోతుంటే
అద్దం లుంగీకి తుడుచుకుంటూ అన్నాడు:
"ఒకటి మాది గూడ తియ్ సారూ."

వెనక గోడవార, చెత్తబండి హారన్ వినిపించే చోట
సున్నం పూసిన మట్టిదిబ్బ.
పెయింటు డబ్బా మూత మీద మేకుతో గీసిన అంకె.
"మా చెల్లె, సుగుణమణి.
రాయి పెడ్తమనుకున్నం. ఇగ పెట్టుడు లేదు.
వచ్చే నెల గీ వరుస మల్ల తవ్వుతరు.
కొత్తోళ్ళకు జాగ లేదు గద."

తవ్వేదెవరని అడగలేదు.
గేటు పక్కన గడ్డపార ఒక్కటే ఉంది.

రిజిస్టరైపోయిందన్న నా పాత జోకు
పంటికింద రాయిలా తగిలింది.

నేను చెప్పకుండానే అద్దం పట్టాడు.
అక్షరం లేని చోట వాలుటెండతో పనేముందని
అనబోయి, ఊరుకున్నాను.
వెలుతురు దిబ్బ మీద పాకింది:
చీమల బారు, ఒక పెంకు ముక్క,
ఇంకా, సున్నంలో నాలుగు వేళ్ళ చారలు.
కుంచె కాదు, చేత్తో పూశాడు.
ఒక్కో చారకి ఒక్కో సన్నటి నీడ.

"ఫోన్ల వద్దు సారూ, కాగితం మీద గావాలె."

కోఠీలో స్టూడియో తెరిచేదాకా మెట్ల మీద కూర్చున్నాను.
పదిన్నర దాటిపోయింది, ఫోను రెండుసార్లు మోగింది.
ఫోటో వెనక పేరు రాయాలని తిప్పాను.
ఒకరు రాసింది దిద్దడమే తప్ప
ఎవరి పేరైనా మొదటిసారి నేనే రాసి ఎన్నేళ్ళయిందో.
ణ రెండుసార్లు వస్తుంది అందులో,
రెండూ మెల్లగా తిప్పాను.
ఎర్ర సిరాతోనే.
నా జేబులో ఉన్నది ఆ పెన్నొక్కటే.