పదమూడు కట్టలు

సిరొంచ సర్కారు దవాఖాన. రాత్రి పదకొండు.
సెలైన్ చుక్కలు లెక్కపెడుతున్నాను.
లెక్కపెట్టడమే నా పని.
యాభై ఆకులకో కట్ట,
కట్టకింత అని చీటీ రాయడం,
తునికాకు కల్లంలో పందొమ్మిది ఎండాకాలాలు.

మంచం మీద ఆత్రం ముత్తుబాయి.
పొద్దున ఆమె తెచ్చిన వాటిలో
పదమూడు కట్టలు పక్కకు ఏరేశాను.
పురుగు కొట్టిన ఆకు, చిల్లులు.
ఆమె ఏమీ అనలేదు.
కొంగు నెత్తిన వేసుకుని మళ్లీ అడవిలోకి పోయింది,
కల్లం రేకుల మీద కాకి కూడా వాలని వేళ.

ఆ తర్వాత ఆమె ఒంట్లో ఏం జరిగిందో
డాక్టరు సగం చెప్పాడు.
మిగతా సగం ఇక్కడ స్టూలు మీద కూర్చుని
నేనే అల్లుకుంటున్నాను.

ముందుగా తోలు తలుపులు తీసి ఉంటుంది,
నెత్తురును పైకి పిలిచి
వేడిని గాలికి పారబోయమని.
చెమట, కూలి ఎంతో అడగకుండా పనిలోకి దిగింది.
లోపల నెత్తురు చాలడం లేదని
గుండె అడుగు మార్చింది,
నడక కాస్తా పరుగైంది.
మూత్రపిండాలది కరువు చూసిన ఇల్లాలి తీరు:
బిందె మీద మూత పెట్టి
చుక్క బయటికి పోనివ్వలేదు,
పారే నీళ్లలోంచి ఉప్పు రవ్వ కూడా వెనక్కి ఏరుకున్నాయి.
పొద్దున్నుంచి ఆమె తిన్నది గుప్పెడు గట్క.
కాలేయం తన మూటలో దాచిన చక్కెర తీసి
కండల చేతిలో పెట్టింది.
గొంతు ఒకటే సతాయింపు.

వీళ్లలో ఒకరి ముఖం ఒకరు చూసింది లేదు.
గుండె భాష మూత్రపిండానికి రాదు.
అయినా కబురు అందుతుంది, మా సంతలో లాగా:
గోండు మనిషి ఇప్పపువ్వు తెస్తాడు,
బేరం తెలుగులో, పావతి మరాఠీలో,
చిల్లర దగ్గర ఎవరూ మోసపోరు.
నెత్తురు తిరుగుతుంటుంది అందరి వాకిళ్లకూ,
ఎవరింట్లో ఏం తక్కువో మోసుకుంటూ.

ఎక్కువైతే తగ్గించు, తగ్గితే పెంచు.
అంతే వాళ్ల కానూను.
నా కానూనులో తగ్గించడం ఒక్కటే ఉంది.

ఎంతసేపు కాశాయో అవి,
చిల్లు పడవలో నీళ్లు తోడేవాళ్లలా
చేతులు మార్చుకుంటూ.
చివరికి చెమటకు నీళ్లు అందలేదు.
తోలు పొడి పెనమైంది.
మరిది పేరు అడిగితే చెప్పలేక
టేకు మోడుకు ఆనుకుని కూర్చుండిపోయిందట.
సంచి మాత్రం విడవలేదట.
విప్పి చూశాను. పదకొండు కట్టలు.
ఒక్క ఆకుకూ చిల్లు లేదు.

నర్సు శుభాంగి చంద్రాపూర్ పిల్ల.
తడిబట్ట మార్చి మార్చి వేస్తుంది,
ఫ్యాను ఇటు తిప్పుతుంది,
గంటకోసారి మంచం కింది సంచి ఎత్తి
దీపానికి పట్టి చూస్తుంది.
సాయంత్రం డికాక్షన్ రంగు.
ఇప్పుడు పలచబడింది, నిండుతోంది.
మరాఠీలో ఏదో అని నవ్వింది,
మంచి మాటేనని తెలిసింది.
ఒక మనిషి ఉచ్చ చూసి
నేను కళ్లు తుడుచుకుంటానని
నిన్న ఎవరైనా అంటే కొట్టేవాణ్ణి.

ఒంటిగంటకు పెదవులు కదిలాయి.
"యేర్" అంది.
గోండులో నీళ్లు.
నాకు ముందు మా ఏరు వినిపించింది,
ఆ వెంటనే, ఏరు, అని
నా పని వినిపించింది.

చెంచాతో పోయమంది నర్సు. పోశాను.
గుటక దిగింది.
లోపల ఎవరో అందుకున్నారు,
ఇంకెవరికో కబురు పెట్టారు.
బయట ప్రాణహిత మీంచి చల్లగాలి
ఇంకా రాలేదు.

కళ్లు తెరిచి నన్ను గుర్తుపట్టింది.
తెలుగులో అడిగింది, నాకు అర్థం కావాలని:
"పదకొండూ రాసినవా?"

నా గుండె అడుగు మార్చింది.
దాన్ని ఎవరూ లెక్కపెట్టలేదు.