మోగనిది

కోఠి గుజరాతీ గల్లీల మూడు దుకాణాలు తిరిగిన.
"పాటలు వినే డబ్బి కావాలె, బుడ్డది,
ఉరికేటప్పుడు కుర్తాకు తగిలిచ్చుకునేటిది" అంటే
మొదటాయన నవ్విండు.
రెండో ఆయన స్పీకరు చూపెట్టిండు, బిందెంత ఉన్నది.
మూడో దుకాణంల యూనుస్ భాయ్
చాయ్ సాసర్ల పోసుకుంటనే అడిగిండు:
"చేతుల ఫోనున్నది గద మేడం, దాంట్ల రావా పాటలు?"

వస్తయ్.
పాటలెంట కాల్స్ గూడ వస్తయ్.

ఎట్ల చెప్పాలె ఆయనకు
నాది చెవుల కొలువని.
అంబులెన్సు కాల్ సెంటర్ల
తొమ్మిదేండ్ల సంది కుడిచెవి నాది కాదు.
"ఏడ్వకుండ్రి, అడ్రసు చెప్పుండ్రి,
ఊపిరి ఆడుతున్నదా చూడుండ్రి,
పక్కన ఏమన్న గుర్తున్నదా, గుడో బడో వైన్ షాపో?"
గిదే మాట, తెల్లారేదాంక.
పెయ్యి పండుకున్నా చెవి పండుకోదు.
ఇంట్ల కుక్కర్ కూస్తే
చెయ్యి మౌస్ కోసం దేవులాడుతది.

షుగర్ బార్డర్ల ఉన్నదని
డాక్టరమ్మ నడువుమన్నది, చాతనైతే ఉరుకుమన్నది.
ఇందిరా పార్కుల మొదటి దినం
ఫోను పట్టుకొనే ఉరికిన.
రెండో రౌండుల మోగింది.
క్రెడిట్ కార్డు అమ్మే పిల్ల.
ఆగి, ఆయాసంతోని, నా నోరు దానంతటదే
"అడ్రసు చెప్పుండ్రి" అన్నది.
పాపం, భయపడి పెట్టేసింది.

గందుకే మోగనిది కావాలె.

యూనుస్ భాయ్ స్టూలెక్కి
అటక మీదికెల్లి బిస్కట్ల అట్టడబ్బ దించిండు.
దుమ్ము ఊదిండు. అండ్ల నాలుగున్నయ్.
ఒకటి సబ్బుబిళ్ళంత, తెర ఉన్నది.
తెర ఉంటే చూస్త, చూస్తే ఆగుత. వద్దు.
ఒకటి మెడల ఏసుకునేది,
అడుగడుక్కు ఛాతి బొక్కను తడుతది,
తలుపు కొట్టే చుట్టం లెక్క.
ఇంకోటి మస్తు సక్కదనం, అద్దం తీరు మెరుస్తది గని
బటన్లు చెమట వేలుకు అందవు.
నాలుగోది అగ్గిపెట్టెల సగం.
మొఖం లేదు, మాట లేదు,
ఎన్క క్లిప్పు, దండెం మీది చిటికె అసోంటిది.
కండ్లు మూసుకొని బొటనవేలు పెట్టిన.
నడుమ చిన్న గుంత, సుట్టు కట్ట:
పెంచేది, తగ్గిచ్చేది, ముందటికి, ఎన్కకు.
కరెంటు పోయిన రాత్రి
మనింట్ల గోడ దొరికినట్టు దొరికినయ్.

"బ్యాటరీ ఎంతసేపొస్తది?"
"మీరు అలసేదాంక."
ఎనిమిది నూర్లన్నడు, ఆరన్న.
సాసర్ దిక్కు చూసుకుంట ఆరున్నరకొచ్చిండు.
"గ్యారంటీ?"
"నేను ఈ స్టూలు ఎక్కగలిగినన్ని దినాలు."

డ్యూటీల నా పక్క కుర్చీ చంద్రకళ
"ఏం పాటలెక్కియ్యాలె అక్కా" అన్నది.
"మాటలు లేనియి" అన్న.
నన్ను జరసేపు చూసింది, ఏమనలే.
మర్ఫా ఎక్కిచ్చింది, బోనాల డప్పు ఎక్కిచ్చింది,
ఎవల పెండ్లిదో సన్నాయి ఒకటి,
మధ్యల ఎవలో దగ్గిండ్రు, అది గూడ.

ఇప్పుడు ఎడమచెవికే పెట్టుకుంట.
తొమ్మిదేండ్లు ఖాళీగ కూసున్నది గద,
దాని పండుగ దాన్ని చేసుకోనిస్త.
కుడిదానికి సెలవు.
అండ్ల ఏదివడితే అది వడుతది:
నీళ్ళ పైపు, ఎండుటాకులు,
నవ్వుల క్లబ్బు పెద్దమనుషుల ఉత్తుత్త నవ్వు.

మొన్న మూడో రౌండుల
గాంధీ దవఖాన దిక్కు సైరన్ పోయింది.
కుడిచెవి లేచి నిలవడ్డది.
కాలు ఆగబోయింది.
అగో, అప్పుడనిపిచ్చింది:
సైరన్ అంటే
ఎవలో ఎత్తిండ్రు,
ఎవలో ఏడుపాపి చెప్పిండ్రు,
అడ్రసు దొరికింది.

మర్ఫా ఆగలేదు.
కుర్తా అంచు పట్టుకొని
అగ్గిపెట్టెల సగం నాతోటి ఉరుకుతున్నది.
నాలుగో రౌండు.