పాచి

ఎర్రనీరు వచ్చిన మూడో రోజు.
లొల్ల లాకుల దగ్గర కాలువ బెల్లం టీ రంగులో పోతోంది.
జాడీలో ఉప్పు నీరుగారింది.
నాలుగు అగ్గిపుల్లలు గీస్తే ఒకటి వెలిగింది.
అద్దం ముందు నిలబడి
కరెంటు బ్రష్షు తల పీకి చూద్దును కదా,
మెడ చుట్టూ నల్లటి పట్టీ.
గోటితో గీకితే జారింది.
ముక్కు దగ్గర పెట్టుకుంటే
పారకుండా ఆగిపోయిన బోదె వాసన.

ఓరి పల్లాలరావూ,
పాచి తీసేదానికే పాచి పట్టిందిరా.

సరదాకి కొన్నది కాదు ఇది.
మూడో నంబరు గేటు ఎత్తుతుంటే
పళ్ళచక్రం పట్టు తప్పి
హ్యాండిలు వెనక్కి తిరిగింది.
మణికట్టు మూడు ముక్కలు.
రావులపాలెంలో కట్టు కట్టారు, రాజమండ్రిలో విప్పారు,
వేళ్ళు మాత్రం పూర్తిగా డ్యూటీలో చేరలేదు.
పళ్ళడాక్టరు సునీలగారు అంది,
"మీరు తిప్పొద్దు. పట్టుకోండి చాలు."
ఇరవై ఆరేళ్ళు నేను తిప్పితే నీళ్ళు కదిలాయి.
ఇప్పుడు గుప్పెడంత మోటారు నా నోట్లో తిరుగుతోంది,
రెండు నిమిషాలకి తనే ఆగుతుంది
మా ఏఈ గారికంటే టైముగా.

మా నాన్నకి ఈ గొడవ లేదు.
కచ్చిక నలిపి, వేలితో తోమి, కాలువలో ఉమ్మి
వేలు పంచెకి తుడుచుకునేవాడు.
వేలికి మూత ఉండదు.

మాణిక్యం క్వార్టర్స్‌లో పాచిపని ముగించుకుని
చీర కుచ్చిళ్ళు పిండుకుంటూ వచ్చింది.
"తొమ్మిదిళ్ళ పాచి తీసొచ్చాను,
నీ నోటిది పదోదా?"
చూసి, వాసన చూసి, నా చేతిలోనే పెట్టేసింది.
"నీళ్ళు వదలడం ఒక్కటే వచ్చు నీకు.
ఆరబెట్టడం ఎప్పుడు నేర్చుకుంటావు?"

ముందు ఛార్జరు ప్లగ్గు పీకాను.
నూడిల్స్ బండి అప్పన్న దగ్గర గ్లాసుడు వెనిగర్ అడిగితే
"ఆయ్, పట్టుకెళ్ళండి" అన్నాడు,
ఎందుకని అడగలేదు.
అందులో తలని నానేశాను. అరగంట.
ఆ అరగంటా వాన.
పిడిని మాత్రం నీళ్ళలో ముంచలేదు,
తడిగుడ్డతో తుడిచాను,
చంటాడి చెవి వెనక తుడిచినట్టు.
చీపురుపుల్లకి దూది చుట్టి
ఇనుప కాడ మొదట్లో, రబ్బరు సందులో తిప్పాను.
ఎడమచేత్తో తిప్పాను, కుడిచెయ్యి పట్టుకుంది.
ఛార్జరు గుంటలో
పేస్టు తెల్లటి ఒండ్రు కట్టి ఉంది.

ఏప్రిల్లో కాలువ కట్టేస్తాం.
నిండుగా పారేదాన్ని ఎందుకాపుతారని
కొత్తగా చేరిన కుర్రాళ్ళు అడుగుతారు.
అడుగు కనపడాలి కదా.
గుర్రపుడెక్క వేళ్ళు, సీసాలు, ఒంటికాలి చెప్పులు,
ఒక ఏడు ఏకంగా కుట్టుమిషను.
తీసేది తీశాక
బీటలిచ్చిన అడుగు మీద నెల్లాళ్ళు ఎండ కాస్తుంది.
ఎండే పెద్ద లస్కరు.

ఆ సెలవు నా బ్రష్షుకి ఒక్క పూట ఇవ్వలేదు నేను.
తోమగానే టోపీ తొడిగి
కొళాయి పక్కనే నిలబెట్టేవాణ్ణి,
దుమ్ము పడకూడదని.
ఎంత ప్రేమగా కుళ్ళబెట్టానో.

ఈ ముసురులో ఎండ ఎక్కడిది?
ఫ్రిజ్జు వెనక గట్టు చూపించింది మాణిక్యం,
మా పిల్లి పడుకునే వెచ్చటి చోటు.
తల ఒకచోట, పిడి ఒకచోట, టోపీ చెత్తబుట్టలో.
పిల్లి వచ్చి, వెనిగర్‌కి తుమ్మి,
నా వైపు చూసి వెళ్ళిపోయింది.

కుచ్చు లోపల నలుపు పూర్తిగా వదల్లేదు.
నలుపు వదలనిది నోట్లో పెట్టకూడదంది మాణిక్యం.
కొత్త తల కొన్నాను.
నీటిమట్టం రాసుకునే డైరీలోనే
తేదీ వేశాను, మూడు నెలలకి మార్చాలని.

తెల్లారి, పాచిమొహంతో, లాకుల మీద నిలబడి
ఎడమచేత్తో తోముకుంటున్నాను.
బర్రుమంటోంది. పొడిగా, తేలిగ్గా ఉంది.
అవతల గేటు దగ్గర్నించి కుర్రాడి కేక,
"బాబాయ్, ఎన్నడుగులు ఎత్తమంటావ్?"
నోటినిండా నురగ.
కుడిచెయ్యి పైకెత్తి మూడు వేళ్ళు చూపించాను.
మూడోది సగమే లేచింది.
వాడు రెండున్నర అడుగులు ఎత్తాడు.